శుక్లం తొలగినా.. పొంచి ఉన్న ఒత్తిడి

కోడుమూరు: శుక్లం తీసి కటకం అమర్చితే పోయిన చూపు తిరిగి వస్తుంది. కంటిలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటే మాత్రం పోయిన చూపు మళ్లీ రాదు. అందుకే శస్త్రచికిత్స ఎంత ముఖ్యమో, ఆ తర్వాతి పరీక్షలూ అంతే ముఖ్యం.

కంటి ఒత్తిడి సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఆపరేషన్‌లో వాడే జిగట ద్రవం లోపల మిగిలిపోతే తొలి 24 గంటల్లోనే అది పెరగవచ్చు. తీవ్రమైన నొప్పి, తలనొప్పి, వాంతులు దీనికి సూచనలు. స్టెరాయిడ్‌ చుక్కల వల్ల కొందరిలో కొన్ని వారాలకు పెరుగుతుంది. అప్పుడు నొప్పి లేకపోవడంతో రోగి గుర్తించలేడు.

నీటికాసుల వ్యాధి ఉన్నవారికి, ఎక్కువ పవరున్న మైనస్‌ అద్దాలు వాడేవారికి, ఆపరేషన్‌లో కటకం వెనుక పొర చిరిగినవారికి ముప్పు ఎక్కువ. పాత చీటీతో నెలల తరబడి చుక్కలు కొని వేసుకోవడమూ ప్రమాదమే.

కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్నా, కోడుమూరు పల్లెల కూలీలకు ప్రతి ప్రయాణమూ ఒక రోజు కూలికి గండే. మండల కేంద్రంలోనే ఒత్తిడి పరీక్ష జరిపితే ఆ భారం తప్పుతుంది. శిబిరాల ఫలితాన్ని ఆపరేషన్ల సంఖ్యతో కాక, మలి పరీక్ష పూర్తయిన కళ్లతో లెక్కించాలి.