చెప్పు పోతే పోనీ... కాలు నిలవాలి!

కార్తీక మాసం, ఆదివారం. ఎగువ అహోబిలంలో దర్శనం అయింది. 'జ్వాలా నరసింహుడి దగ్గరికి కూడా వెళ్దాం నాన్నా' అని పిల్లలు ఒకటే గోల. భవనాశి వాగు వెంబడే దారి. రాళ్ల మధ్య నీళ్లు గలగలా పారుతున్నాయి. నాన్న హవాయి చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. నాలుగడుగులు వేశారో లేదో, పాచి పట్టిన బండ మీద నాన్న కాలు జర్రున జారింది. చేతిలోని చెప్పు ఒకటి నీళ్లలో పడి కొట్టుకుపోతోంది. దాన్ని అందుకుందామని వంగి చేయి చాచాడు... ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా అక్కడే!

కర్నూలు, కడప అంటే కరవు సీమ కదా, అక్కడ వాగుల గొడవేమిటి అంటారా? ఆ కరవులోనే ఉంది చిక్కంతా. ఏడాది మొత్తానికి సగటున కురిసేది ఆరేడు వందల మిల్లీమీటర్లు. అందులోనూ చాలా భాగం కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. నల్లమల, ఎర్రమల, పాలకొండలు, లంకమల... ఎటు చూసినా రాతి గుట్టలే. పడిన నీరు ఇంకే వీలు తక్కువ. ఉన్నపళంగా వంకల్లోకి దూకుతుంది. పొద్దున ఇసుక తప్ప ఏమీ లేని వంక సాయంత్రానికి నడుము లోతు పారుతుంది. ఏడాదిలో పది రోజులు కూడా నీళ్లు చూడని చోట వాగు దాటడం ఎవరికి అలవాటవుతుంది?

ఆ నీటి కోపం ఎలా ఉంటుందో సీమ చూడకపోలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని ముంచేశాయి. 2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, దిగువనున్న ఊళ్లు క్షణాల్లో నీటిపాలయ్యాయి.

అక్కడి తొడుగు ఇక్కడికి పనికొస్తుందా?

కొండల్లో నడిచే విదేశీయులు వాగులు దాటడానికి 'వేడర్లు' వాడతారు. పాదాల నుంచి తొడల దాకానో, ఛాతీ దాకానో ఉండే నీరు చొరని తొడుగులివి. చేపలు పట్టేవాళ్ల కోసం తయారైన రబ్బరు రకం మోయలేనంత బరువు. వీపున సంచి వేసుకుని రోజుల తరబడి నడిచేవాళ్ల కోసం పల్చటి నైలాన్ రకాలు వచ్చాయి. కొన్ని అర కిలో కూడా తూగవు. మడిస్తే సంచిలో ఓ మూలన పడి ఉంటాయి. బూట్ల మీదుగానే తొడుక్కునేవి కొన్ని, లోపల వేసుకుని పైన చెప్పులు కట్టుకునేవి కొన్ని.

ఇవి ఎందుకు? చలి నుంచి కాపాడటానికి. అలాస్కాలో, ఐస్‌లాండ్‌లో వాగుల నీరు మంచు కరిగి వచ్చేది. నాలుగు నిమిషాలు నిలబడితే కాళ్లు మొద్దుబారిపోతాయి. మన కుర్రాళ్లు లద్దాఖ్‌లోని మార్ఖా లోయకు వెళ్లినప్పుడు ఇలాంటి నీళ్లే దాటాలి. అక్కడికైతే తేలికరకం వేడర్లు కొన్నా డబ్బు దండగ కాదు. కొనేటప్పుడు మూడు సంగతులు చూసుకోవాలి. బరువు ఎంత, అరికాలు రాతి మీద పట్టు ఇస్తుందా, పైభాగం బిగించుకునే పట్టీ ఉందా. 'వేడర్లలోకి నీళ్లు పోతే మనిషిని కిందికి లాగేస్తాయి' అని చాలామంది భయం. నిజానికి నీళ్లలో ఉన్నంతసేపూ లోపలి నీటి బరువు తెలియదు. గట్టెక్కబోతేనే కాళ్లు లేవవు. ఆ పట్టీ అందుకే.

అహోబిలానికో, లంకమలకో, సిద్ధవటం దగ్గరి నిత్యపూజకోనకో వెళ్లేవాళ్లకు మాత్రం ఈ ఖర్చు అక్కర్లేదు. ఇక్కడ నీళ్లు గడ్డకట్టించవు. కాలు తడిస్తే వచ్చే నష్టం లేదు, కాలు జారితేనే నష్టం. కాబట్టి నీటిని ఆపే తొడుగు కన్నా, నీటిని వదిలేసే పాదరక్ష మేలు.

మెట్లు విప్పొద్దు!

సీమలో చెప్పుల్ని మెట్లంటారు. వంక కనబడగానే మెట్లు చేతికి రావడం పెద్దల నాటి అలవాటు. తోలు నానితే పాడైపోతుందని వాళ్ల జాగ్రత్త. ఇప్పుడా భయం లేదు. మడమ వెనక పట్టీ ఉన్న శాండల్స్, లేదంటే పాత కాన్వాస్ బూట్లు చాలు. నీళ్లు ఎంత తొందరగా లోపలికి పోతాయో అంత తొందరగా బయటికొస్తాయి. వట్టి కాళ్లతో దిగితే నీటి అడుగున గాజుపెంకు, తుమ్మముల్లు, రాతి అంచు ఏదీ కనబడదు. హవాయి చెప్పులు అసలే వద్దు. పాదాన్ని వదిలి పోతాయి, వాటి వెంట చేయీ పోతుంది. పోతే పోనివ్వాలి!

జీన్స్ ప్యాంటు నానితే బండలా బరువెక్కుతుంది. తొందరగా ఆరే పల్చటి ప్యాంటు, ఆడవాళ్లకైతే చుడీదార్ సుఖం. అడవిలో దొరికే కట్టె మూడో కాలు. ప్రవాహానికి ఎదురుగా దాన్ని ఆనించి, ఒక్కో అడుగూ కుదురుకున్నాకే రెండోది వేయాలి. వీపున సంచి ఉంటే నడుం పట్టీ ముందే విప్పేయాలి. పడితే సంచిని వదిలించుకోవచ్చు. చిన్నపిల్లలు పెద్దవాళ్ల చేతుల మధ్య నడవాలి.

మూరెడు నీళ్లే కదా అనుకోవద్దు. నీటి వేగం రెండింతలైతే కాలి మీద తోపు నాలుగింతలవుతుంది. ఉరవడి ఎక్కువగా ఉంటే జానెడు లోతు నీళ్లే పెద్దవాళ్లను పడగొట్టగలవు. రెండడుగుల లోతు పారితే కార్లే కొట్టుకుపోతాయి. నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబారినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నా ఎగువన వాన పడినట్టే. తలపైన ఎండ కాస్తున్నా సరే, ఆ నీళ్లలో అడుగు పెట్టకూడదు.

అప్పుడేం చేయాలి? గట్టు మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర పొట్లం విప్పాలి. సీమ వంకకు కోపమెక్కువే గానీ అది ఎంతోసేపు ఉండదు. ఎగువన వాన ఆగితే చాలాసార్లు కొన్ని గంటల్లోనే తగ్గుతుంది. తగ్గకపోతే ఇంటికి తిరిగిరావాలి. అటవీ సిబ్బంది వద్దన్న రోజు వాదన పెట్టుకోకూడదు.

ఏ దుకాణంలోనూ దొరకని వస్తువు ఈ ఓపికే. నరసింహస్వామి వచ్చే ఆదివారం కూడా కొండ మీదే ఉంటాడు. మనుషులు కూడా ఉండాలిగా!