దారి ఇవ్వడం

సాయంకాలం వేళ హైదరాబాదులోని పంజాగుట్ట కూడలిలో తరచుగా కనబడే దృశ్యం ఇది. ఎర్రదీపం వెలిగి ఉంటుంది. వెనుక నుంచి అంబులెన్స్ సైరన్ ఎడతెగకుండా మోగుతుంటుంది. ఆసుపత్రి ఎంతో దూరంలో లేదు. అయినా కదలడానికి చోటు లేదు. ఎడమవైపు తిరిగేవారి కోసం విడిచిన దారిని నేరుగా పోదలచిన కార్లు ఆక్రమించి ఉంటాయి. కాలిబాట మీదికి ద్విచక్రవాహనాలు ఎక్కి ఉంటాయి. ఎట్టకేలకు ఒక సందు ఏర్పడి అంబులెన్స్ ముందుకు సాగగానే, దాని వెన్నంటి నాలుగైదు మోటారు సైకిళ్లు దూసుకుపోతాయి. ఒకరి ప్రాణాపాయం మరొకరికి పది నిమిషాల ఆదా!

ఈ దుస్థితికి ఇరుకు రోడ్లను, పెరిగిన వాహనాల సంఖ్యను కారణంగా చూపడం పరిపాటి. అందులో నిజం లేకపోలేదు. అయితే గీత దాటి నిలవమని, మలుపును మూసివేయమని ఏ ఇరుకు రోడ్డూ ఎవరినీ ఆదేశించలేదు. రోడ్డు వెడల్పు ప్రభుత్వం చేతిలో ఉంది; బ్రేకు మాత్రం వాహనం నడిపేవాని అధీనంలోనే ఉంది.

ఎవరు ఎవరికి దారి ఇవ్వాలన్నది ఈనాడు పుట్టిన ప్రశ్న కాదు. ఆపస్తంబ ధర్మసూత్రం దీనిని ప్రాచీనకాలంలోనే ప్రస్తావించింది. బండికి, బరువు మోసేవానికి, రోగికి, స్త్రీకి అందరూ దారి ఇవ్వాలని విధించింది. ఆ వరుసలో బండి కూడా ఉన్నందుకు నేటి కారు యజమాని సంతోషించవచ్చు. కాని ఆ సంతోషం నిలిచేది కాదు. బరువుతో పోయే ఎద్దులబండిని ఉన్నపాటున ఆపడం, పక్కకు తిప్పడం కష్టం. నడిచేవాడు ఒక్క అడుగు తొలగితే చాలు. తప్పుకోగలిగినవాడు తప్పుకోలేనివానికి దారి విడవాలన్నదే ఆ నియమంలోని ఆంతర్యంగా కనబడుతుంది. నేడు క్షణాల్లో ఆగగలిగినది వాహనం. చప్పున తప్పుకోలేనివారు వృద్ధులు, చంకలో బిడ్డను ఎత్తుకున్న తల్లులు. కనుక ప్రాచీన ధర్మాన్ని పాటించదలచినవారు సైతం నేడు కారునే ఆపవలసి ఉంటుంది.

ఆ వరుసలోని రోగి నేడు అంబులెన్స్‌లో పయనిస్తున్నాడు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవలు మొదలైనప్పుడు, ఒక్క ఫోను పిలుపుతో వాహనం ఇంటి ముంగిటికి రావడం సామాన్యునికి గొప్ప ఊరట. కాని ఆ వాహనం ముందు దారిని సమకూర్చవలసినది తోటి ప్రయాణికులే. వారు ఆ పని తమంతట తాము చేయనందువల్లనే కాబోలు, 2019లో మోటారు వాహనాల చట్టంలో 194-ఇ సెక్షను చేరింది. అత్యవసర వాహనానికి దారి ఇవ్వనివారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. సంస్కారం చేయవలసిన పని శిక్షాస్మృతి పాలబడింది.

పాదచారికి ఆ మాత్రపు రక్షణ కూడా ఆచరణలో దక్కడం లేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించగా, వారిలో దాదాపు ఐదోవంతు నడిచి వెళ్లేవారే. సంకేతదీపాలు లేనిచోట జీబ్రా చారల వద్ద వాహనం ఆగి పాదచారికి దారి ఇవ్వాలని 2017 నాటి వాహన చోదక నిబంధనలు చెబుతున్నాయి. కోఠిలోనో, అమీర్‌పేటలోనో రోడ్డు దాటే మనిషి మాత్రం, వచ్చే వాహనాల వైపు అరచేయి చాచి, కాస్త ఆగండని వేడుకొంటూ అడుగు వేస్తాడు. చట్టప్రకారం తనదైన దారిని అతడు యాచించవలసి వస్తోంది. ఎవరో ఒకరు దయతలచి కారు ఆపితే, వెనుకనున్నవాడు అది ఎందుకు ఆగిందో చూడకుండానే హారన్ మోగిస్తాడు.