ఫొటో దిగితేనే పాఠమా?

జూన్‌లో బడి తెరిచేనాటికే మా స్టాఫ్‌రూం గోడ మీద ఒక పట్టిక వెలుస్తుంది. ఎల్లో డే, ఫ్రూట్స్ డే, గ్రాండ్ పేరెంట్స్ డే, బోనాలు, కృష్ణాష్టమి ఉట్టి, మట్టి గణపతి, బతుకమ్మ, చిల్డ్రన్స్ డే, ముగ్గుల పోటీ, సైన్స్ డే, యాన్యువల్ డే. ఏ రోజు ఏ క్లాసు పిల్లలు ఏ రంగు బట్టలేసుకు రావాలో, ఇన్‌చార్జి ఎవరో, ఫ్లెక్సీ ఎన్నడు కొట్టించాలో అన్నీ రాసి ఉంటాయి. పిల్లలు ఆ రోజు ఏం నేర్చుకోవాలన్న గడి మాత్రం కనపడదు.

నేను వరంగల్‌లో ఓ ప్రైవేటు హైస్కూల్లో సైన్స్ టీచర్‌ను. పండుగలు, ఆటపాటలు వద్దనే మనిషిని కాను. క్లాసులో నోరు విప్పని పిల్ల స్టేజీ ఎక్కి నాలుగు మాటలు మాట్లాడితే నాకూ సంతోషమే. తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలను చేత్తో పట్టుకుని చూడని పట్నం పిల్లలు బడిలోనైనా బతుకమ్మ పేర్చడం మంచిదే. నా అభ్యంతరం ఒక్కటే. ఇవన్నీ ఇప్పుడు సాయంత్రం వాట్సాప్ గ్రూపులో పడే ఫొటో కోసం జరుగుతున్నాయి. ఫొటోలో ఏది బాగా పడితే అదే యాక్టివిటీ. పడనిది ఎంత గొప్ప పాఠమైనా లెక్కలోకి రాదు.

ఏడో తరగతికి ఆమ్లాలు, క్షారాలు చెప్పిన రోజు సంగతి చూడండి. లిట్మస్ కాగితాల కోసం ఆగకుండా పసుపు నీళ్లు కలిపి ప్లాస్టిక్ గ్లాసుల్లో పోశాం. పాన్ డబ్బా నుంచి తెప్పించిన సున్నం కాస్త వేయగానే నీళ్లు ఎర్రబడ్డాయి. వెనక బెంచీ పిల్లాడు లేచి, "టీచర్, మా నానమ్మ దిష్టి తీసే నీళ్లు ఇట్లనే ఉంటయి" అన్నాడు. ఇంకో అమ్మాయి పెళ్లిలో పెట్టే పారాణి గుర్తుచేసింది. క్షారం అన్న మాట బోర్డు మీద రాయకముందే వాళ్ల ఇంట్లోంచి వచ్చేసింది. ఇంతలో ఒకడు, నేను చెప్పకుండానే, తన గ్లాసులో నిమ్మకాయ పిండాడు. ఎరుపు విరిగి మళ్లీ పసుపు తేలింది. క్లాసంతా వాడి చుట్టూ మూగింది. "మళ్లీ సున్నం వేస్తే?" "ఎన్ని చుక్కలకు మారుద్ది?" అని అరుపులు. తటస్థీకరణం అనే పాఠాన్ని వాళ్లే మొదలుపెట్టేశారు.

సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి ఫోన్ పట్టుకుని మేడం వచ్చారు. పసుపు గ్లాసులు చూసి, "రంగు తెలుస్తలేదు టీచర్, ఎర్రగా ఉన్నవి చేయించండి" అన్నారు. ఐడీ కార్డులు ముందుకు తిప్పించి, పొడుగు పిల్లల్ని వెనక్కి పంపి, ఎర్ర గ్లాసులు చేతికిచ్చి నవ్వించారు. ఫొటో అయ్యేసరికి బెల్ కొట్టారు. ఆ రోజు స్టేటస్‌లో ఎర్ర గ్లాసులకు బోలెడు మెచ్చుకోళ్లు. నిమ్మకాయ పిండిన పిల్లాడు ఫొటోలో లేడు. వాడి గ్లాసులో నీళ్లు పసుపుగా ఉన్నాయి కదా.

ఆ మేడంను తప్పుపట్టి లాభం లేదు. చిన్న, మధ్యరకం ప్రైవేటు బడులు అడ్మిషన్ల మీద బతుకుతాయి. ఎండాకాలం మేం టీచర్లమే పాంప్లెట్లు పట్టుకుని ఇంటింటికీ క్యాంపెయిన్‌కు తిరుగుతాం. గుమ్మంలోనే అడుగుతారు, "మీ దాంట్ల యాక్టివిటీస్ ఏమేం ఉంటయి? పక్క స్కూలోళ్లు రోజూ స్టేటస్‌ల పెడుతున్నరు" అని. పిల్ల ఫొటో గ్రూపులో రాకపోతే తల్లి ఫోన్ చేస్తుంది. పిల్లకు ఎక్కాలు రాకపోతే ఫోన్ చేసేవాళ్లు అంతమంది ఉండరు. అడిగేదాన్ని బట్టే అమ్మకం.

ప్రాజెక్టులదీ ఇదే వరస. ఎఫ్ఏకి, అంటే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌కు, ఇరవై మార్కులు. పాల్గొనడానికి ఐదు, రాతపనికి ఐదు, ప్రాజెక్టుకు ఐదు, స్లిప్ టెస్టుకు ఐదు. బట్టీకొట్టే పిల్లలకే మార్కులన్నీ దక్కకూడదని పెట్టిన మంచి పద్ధతి ఇది. కానీ మా బడి ఎదురుగా ఉన్న జిరాక్స్ సెంటర్ ఆయనకు ఎఫ్ఏ తేదీలు మాకంటే ముందే తెలుస్తాయి. సౌరకుటుంబం, పుష్పం భాగాలు, జీర్ణవ్యవస్థ రంగుల ప్రింట్లు కట్టలు కట్టి ఉంచుతాడు. థర్మోకోల్ కోసేది తండ్రి, గ్లూ గన్ పట్టేది తల్లి, మోసుకొచ్చేది పిల్లలు. చిల్డ్రన్స్ డే వేషాలైతే అద్దె దుకాణంవే. ఝాన్సీ లక్ష్మీబాయి కిరీటం నుదుటికి గుచ్చుకుని ఏడ్చే యూకేజీ పిల్లను సముదాయించేది మాత్రం ఆయమ్మ.

చట్టం అడిగింది ఇది కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలు పనులు చేస్తూ, వెతుకుతూ, కనుక్కుంటూ నేర్చుకోవాలని చెప్పింది. అంతకు ముందే, 1993లో యశ్‌పాల్ కమిటీ మన బడుల్లో చెప్పేది ఎక్కువ, పిల్లలకు అర్థమయ్యేది తక్కువ అని తేల్చింది. 2020 జాతీయ విద్యావిధానం ఇంకో అడుగు వేసి, ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు బ్యాగు లేకుండా వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల లాంటి స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోమంది. మన దగ్గర నో బ్యాగ్ డే అంటే బ్యాగు ఇంట్లో పెట్టి రంగు చొక్కాతో రావడం అయింది.

ఓరుగల్లులో ఉండి అలాంటి చదువుకు ఇంత కరువెందుకు? కొత్తవాడ మగ్గాల మీద నేసే డర్రీలకు భౌగోళిక గుర్తింపు ఉంది. పడుగు పేకలు లెక్కబెడితే ఆరో తరగతి గణితం అక్కడే దొరుకుతుంది. రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలేంత తేలిక. సాంద్రత పాఠానికి అంతకన్నా ఏం కావాలి? మేం విహారయాత్రకు పిల్లల్ని హైదరాబాద్ వాటర్ పార్కుకు తోలుకుపోతాం. ఇత్తడి పనికి పేరుమోసిన పెంబర్తి ఆ దారిలోనే, జనగామ దగ్గర ఉంది. మా బస్సు అక్కడ ఆగిన గుర్తు నాకు లేదు.

ఇవి మార్చడానికి ఫీజులు పెంచనక్కర్లేదు. పట్టికలో రోజులు సగానికి తగ్గించండి. మిగిలిన ప్రతి రోజుకూ ఎదురుగా ఆ రోజు పిల్లలు ఏం నేర్చుకుంటారో ఒక్క వాక్యం రాయండి. రాయలేకపోతే ఆ రోజు కొట్టేయండి. ప్రాజెక్టు క్లాసులోనే, పిల్లల చేతులతోనే చేయించండి. వంకర గీతలున్న చార్టుకు ఐదు మార్కులు వేసే ధైర్యం టీచర్లకు ఇవ్వండి. ఫొటో తీసుకోవాలనుకుంటే పని అయ్యాక, పని చెడకుండా తీసుకోండి.

తల్లిదండ్రులకూ ఒక మాట. సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే "నీ ఫొటో ఎందుకు రాలే?" అని అడగకండి. "ఇయ్యాల ఏం చేసినవ్? ఏం మారింది? ఎందుకు మారింది?" అని అడగండి. జవాబు రాకపోతే, ఫోన్ తీసి బడికి చేయాల్సింది అప్పుడు.