కేడెము కాచుటకు మాత్రమేనా?

బల్లచుట్టును గూర్చుండి, పాచికలు వైచుచు, ఒక్కొక్కరు ఒక్కొక్క వీరుని పాత్రను వహించి కథను నడపు ఆటలు నేడు బాలురకును పెద్దలకును ప్రీతిపాత్రములై యున్నవి. వీనికెల్ల మొదటిదైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను గారీ గైగాక్సు, డేవ్ ఆర్నెసను అనువారలు 1974లో అమెరికాయందు ప్రకటించిరి. ఈ యాట నాడువారిలో తరచుగా పుట్టు వివాద మొకటి గలదు. కేడెము దెబ్బను కాచుటకు మాత్రమేనా, లేక కొట్టుటకును పనికివచ్చునా?

కొట్టరాదనువారు చరిత్రను మరచినవారు. రోమను కేడెమునకు నడుమ గట్టి బొడిపె యుండెడిది. బ్రిటనులోని మాన్స్ గ్రౌపియసు యుద్ధమున రోమను పక్షమువారు ఆ బొడిపెలతో శత్రువులను మోదిరని టాసిటసు వ్రాసియున్నాడు. 1467 నాటి హాన్స్ టాల్‌హోఫరుని యుద్ధవిద్యాగ్రంథమున నిలువెత్తు కేడెములతోడి ద్వంద్వయుద్ధములు చిత్రింపబడినవి. మన దేశమునందును కృష్ణజింక కొమ్ములను అమర్చిన ‘మడు’ అను చిన్న కేడెము పొడుచుటకును ఉపయోగపడెడిది.

అయినను, వెల యేమియు లేకయే రెండు ప్రయోజనములను కోరువారును న్యాయము తప్పినవారే. 2014 నాటి నిబంధనలలో కేడెము రక్షణాంకమును రెండు పెంచును. శత్రువు వైచునది ఇరువది ముఖముల పాచిక గనుక, సామాన్యముగా ఇరువది దెబ్బలలో రెండు ఇందువలన తప్పిపోవును. కేడెముతో మోదిన గాయమునకు నాలుగు ముఖముల పాచిక, సగటు రెండున్నర. పొడవు కత్తికి ఎనిమిది ముఖముల పాచిక, సగటు నాలుగున్నర. 2000 నాటి నిబంధనలలోనైతే, కేడెముతో కొట్టినవాడు, ప్రత్యేక శిక్షణ లేనియెడల, తన తరువాతి వంతు వచ్చువరకు దాని రక్షణను గోల్పోవును.

నా మతమున ఇచ్చట భేదము పాటింపవలెను. కేడెమును ముందుంచుకొని శత్రువును త్రోయువాడు దాని చాటుననే యుండును. వానికి రక్షణ పోనక్కరలేదు. దాని యంచును విసరి కొట్టువాడు తన రొమ్మును తెరచి చూపినవాడే. వాడు ఆ వెల చెల్లింపవలసినదే. త్రోపుటయే మేలైన ప్రయోగము కూడ. 2014 నిబంధనల ప్రకారము, క్రిందబడిన శత్రువును చేరువనుండి కొట్టు స్నేహితుడు రెండు పాచికలు వైచి పెద్దదానిని గైకొనును. దూరమునుండి బాణము వేయువానికి మాత్రము అది చిక్కే. కావున త్రోయుటకు ముందు తోడివారి నడుగుట మంచిది.

“వినోదమునకు ఇన్ని లెక్కలేల?” యని కొందరందురు. లెక్క లేనిచోట కేకయే న్యాయమగును. కేడెము బూనినవాడు తరచుగా అందరికంటె ముందు నిలిచి, అందరి దెబ్బలను తాను తినువాడు. వాని వంతు వచ్చినపుడు ఒకనాడు ఔననియు, మరునాడు కాదనియు పలికినచో, వాడు మారుమాటాడక లేచిపోవును, మరల రాడు. కావున ఆట నడపువాడు నిబంధనను ఆటకు ముందే చెప్పి, శత్రువుల కేడెములకును దానినే వర్తింపజేయవలెను. ముందుగా దెలిసిన కఠిన నియమమును పిల్లలు సహింతురు గాని, నడుమ మారిన మెత్తని నియమమును సహింపరు.