చదరంగమున ముప్పదియొకటవ గడి



మా మేడారములో సమ్మక్క సారలమ్మలకు సమర్పించు బెల్లమును బంగారమందురు. జాతర ముగిసిన పిదప ఆ ప్రసాదమును ముక్కలుచేసి పళ్లెరమున సర్దుచుండగా, పదియేండ్ల మా అమ్మాయి, "అమ్మా, పండ్రెండు ముక్కలను నాలుగేసి చొప్పున మూడు వరుసలు పేర్చవచ్చును. పదుమూడింటి కేల కుదరదు?" అని యడిగినది. ఒక్క వరుసలో దప్ప సమముగ పేర్చరాని యిట్టి సంఖ్యలే ప్రధాన సంఖ్యలు.

"వీనిలో మిక్కిలి పెద్దదానిని చూపు" మని పిల్ల పట్టుపట్టెను. నాకు పావులూరి మల్లన స్ఫురించెను. చదరంగపు తొలిగడిలో నొక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టించుచు అఱువదినాలుగు గడులు నింపిన మొత్తమును దెలుపు పద్య మాయనదిగా ప్రసిద్ధము. వేదములన్న నాలుగు, చంద్రుడన్న నొకటి యను సంకేతములతో చెప్పిన యా సంఖ్య 18446744073709551615. పెద్దదే కాని ప్రధానము కాదు; చివర నైదున్నది గావున ఐదింట భాగింపబడును.

"నడుమ నాపినచో?" ననినది పిల్ల. రెండు గడుల మొత్తము 3, మూడింటిది 7, ఐదింటిది 31, ఏడింటిది 127. అన్నియు ప్రధానములే! గడుల సంఖ్య ప్రధానమైనచో మొత్తమును ప్రధానమే యని తీర్పుచెప్పి నేను వంటయింటికి బోతిని. అన్నము వార్చులోపల పిల్ల పలకతో వచ్చి, "పదునొకండు గడులకు 2047. అది 23ను 89చే హెచ్చింప వచ్చుచున్నదే!" యనెను. దబాయింప నోరు తెఱచి, పలకను జూచి, నాదే తప్పని యొప్పుకొంటిని. గడుల సంఖ్య ప్రధానము కానిచో మొత్తమును ప్రధానము కాదు. తలక్రిందు చేసినచో నీ మాట చెల్లదు.

ముప్పదియొక గడుల మొత్తము 214,74,83,647. ఇది ప్రధానమని 1772లో ఆయిలర్ పండితుడు నిరూపించెను. అప్పటికాయన చూపు దాదాపుగ పోయినది. సంఖ్య రెండుగ విడిపోయినచో చిన్నభాగము వర్గమూలమును మించదు గావున 46,340 వఱకు చూచిన చాలును. అందును, గడుల సంఖ్యకు రెట్టింపైన 62చే భాగింప ఒకటి మిగులు ప్రధానములే దానిని భాగింపగలవు. మా పలకమీది 23, 89 లను 22చే భాగించి చూడుడు, ఒకటియే మిగులును. ఆయిలర్ మఱియొక జల్లెడపట్టి, 248చే భాగింప 1 గాని 63 గాని మిగులువానినే మిగిల్చెను. వానిలో నొక్కటియు భాగింపదయ్యెను.

2024 అక్టోబరులో ప్రకటింపబడిన ఇట్టి ప్రధానమునకు 13,62,79,841 గడులు వలయును. దానియందలి యంకెలే 4,10,24,320. అది గణనయంత్రముల పని.

ఆడుపిల్ల కీ లెక్క లేల యని యడుగు పెద్దలు నేటికిని గలరు. తల్లిమాటను సైతము భాగించి చూచి గాని నమ్మని బుద్ధి యే పిల్లకు గూడదు?

పదుమూడు గడుల మొత్తము 8191. ఇది ప్రధానమగునా? 26చే భాగింప ఒకటి మిగులు ప్రధానములు 90 లోపల 53, 79 మాత్రమే. రెండే భాగహారములు, పొయ్యిమీది పప్పు ఉడుకులోపల మీ పిల్లలతో గూడి చేసిచూడుడు.