ఆరోగ్య విషయములు : కంపవాతము

కాజీపేటనుండి యొక సోదరి మాకు జాబు వ్రాసియున్నారు. ఆమె భర్తగారు రైల్వేలో పనిచేసి విశ్రాంతి పుచ్చుకొన్నవారు. ఆఱేండ్లుగా కంపవాతముతో బాధపడుచున్నారు; దీనినే డాక్టర్లు పార్కిన్సన్ వ్యాధి యందురు. వైద్యునికొఱకు హైదరాబాదు పోవుచుండగా, రైళ్లనడుమనే యాయుష్యమంతయు గడపిన యాయన పాదములు బండి మెట్టునొద్ద నేల కంటుకొనిపోయినవట. వెనుకనుండి యెవరో "త్రాగినాడు కాబోలు" అనిరట. మందుల ఖర్చుకంటె నామాటయే యామెను బాధించినది.

ఆ వీధి స్త్రీలు పచ్చళ్లు, అప్పడములు అమ్మి కొంత సొమ్ము కూడబెట్టినారు. దానిని ఈ వ్యాధి పరిశోధనకు పంపవలెనని యామె కోరిక. "మనవానికి అక్కఱకు రానిదానికెందుకు?" అని అత్తగారు. మమ్మడిగినారు.

మొదట పాదముల సంగతి. అది త్రాగుడు కాదు, సోమరితనమును కాదు. మెదడులో డోపమిన్ అను పదార్థమును తయారుచేయు కణములు నశించుటచే నడక కట్టుబడును. అప్పుడు చేయిపట్టి లాగరాదు, పడిపోదురు. ఒక్క నిమిషము నిలువనిచ్చి, నేలమీది గీత నొకదానిని చూపి, దాటుమని చెప్పి, "ఒకటి, రెండు" అని లెక్కపెట్టుడు. పెక్కుమందికి కాలు కదలును. లెవోడోపా మాత్ర వేళ తప్పరాదు. పప్పు, పాలు దాని పనికి అడ్డువచ్చుట కలదు గనుక భోజనమునకు అరగంట ముందు ఈయవచ్చునా యని వైద్యుని అడుగుడు. మాత్రను హఠాత్తుగా మానిపించుట అపాయము.

ఇక సొమ్ము. జేమ్స్ పార్కిన్సన్ 1817లో లండనులో ఈ వ్యాధిని వర్ణించెను గాని కుదుర్చు మందు చూపలేకపోయెను. 1937లో మదరాసులో దామోదరన్, రామస్వామి యనువారు మన కంచెలమీద ప్రాకు దూలగొండి గింజలనుండి లెవోడోపాను వేఱుచేసిరి. అది ఈ రోగమునకు పనికివచ్చునని అప్పుడెవరికిని తెలియదు. 1957లో స్వీడనులో కార్ల్‌సన్, సర్పగంధినుండి వచ్చు రిసర్పిన్ చేత కదలకుండపోయిన కుందేళ్లకు ఆ పదార్థమునిచ్చి లేపెను. 1960లో వియన్నాలో ఈ రోగముతో మరణించినవారి మెదళ్లను పరీక్షించి డోపమిన్ లోపమును కనుగొనిరి. 1967లో అమెరికాలో కోట్జియాస్ పెద్ద మోతాదులిచ్చి రోగులను నడిపించెను. మదరాసు గింజ రోగి నోటికి చేరుటకు ముప్పదియేండ్లు పట్టినది! (అట్లని గింజలు నూఱి పెట్టకుడు, మోతాదు తెలియదు, మాత్రతో కలసి వికటించును.)

ఆ మాత్ర కదలికను సుకరము చేయును. కణముల నాశనమును ఆపునని రుజువైన మందు నేటికిని లేదు. అందుచే పంపుడనియే మా యభిప్రాయము. కాని అత్తగారి మాటయు త్రోసివేయదగినది కాదు. మీ వీధిలో డబ్బులేక మాత్రలు మానుకొన్న రోగి యుండినచో ముందు వారికీయుడు. మిగిలినది ఏ సంస్థకు, ఏ పనికి చేరునో వ్రాతమూలముగా తెలిసికొని, రసీదు పుచ్చుకొని పంపుడు.

పంపునప్పుడు ఆ కాగితముమీద భర్తగారిచేతనే సంతకము పెట్టించుడు. ఈ వ్యాధిలో అక్షరములు రానురాను చిన్నవగును. తొందర పెట్టక ప్రక్కన కూర్చుండుడు.