మనుమలను చూడబోవుట విహారమా?



ఈ మాసం ఒక ప్రయాణమును గూర్చి వ్రాస్తున్నాను. గత పాతిక ముప్ఫై ఏళ్లుగా మన డెల్టా గ్రామాలకు బాగా అలవాటైన ప్రయాణమది. కొడుకో కూతురో అమెరికాలో ఉద్యోగంలో ఉంటారు. పురిటికనో, మనవడి పుట్టినరోజుకనో తల్లిదండ్రులను రమ్మంటారు. భీమవరం, తణుకు, మండపేట, అమలాపురం వైపుల నుండి దంపతులు హైదరాబాదు వెళ్లి అమెరికా కాన్సులేటులో ఇంటర్వ్యూకు నిలబడతారు. బయలుదేరే ముందు సంఘ కాపరిని పిలిచి ప్రార్థన చేయించుకుంటారు. ఆ ఇళ్లలో నాకు చెప్పే ప్రార్థనాంశములు సాధారణంగా రెండే. వీసా రావాలి, అంతసేపు విమానంలో కూర్చుంటే మోకాళ్లు పట్టెయ్యకూడదు.

"పిల్లలు ఏమేమి చూపిస్తామన్నారు?" అని అడిగితే చాలామంది నోట వచ్చే పేరు ఒకటే. ఫ్లోరిడా రాష్ట్రంలో ఓర్లాండో దగ్గర 1971 అక్టోబరు 1న తెరిచిన డిస్నీ వరల్డ్. మిక్కీ మౌస్ ఎలుకో ఉడుతో సరిగా తెలియని తాతయ్య కూడా ఫోనులో మనవడికి మాట ఇచ్చేసి ఉంటాడు, ఇద్దరం కలిసే చూద్దామని.

ఆ దంపతులకు ఇచ్చే వీసాను బి-2 అంటారు. అమెరికా చట్టంలో ఆ తరగతికి చెప్పిన అర్థం, కొద్దికాలం వినోదము నిమిత్తం వచ్చేవారు అని. కోడలి పురిటికి సున్నుండలూ ఆవకాయ జాడీ కట్టుకొని వెళ్లే అత్తగారూ, సెలవులు గడపడానికి వచ్చే ధనవంతుడూ ఆ పుస్తకంలో ఒకే వరుసలో ఉంటారు. అసలు పురిటి మాటే ఎత్తవద్దని, చుట్టి చూడడానికే వెళుతున్నామని చెప్పమని నేర్పే ఏజెంట్లు కూడా ఉన్నారు. వారి మాట వినకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పి వీసా తెచ్చుకున్నవారు మన సంఘాలలో చాలామంది ఉన్నారు. మామూలు రోజులలో ఈ తరగతి పేరు ఎవరికీ పట్టలేదు. కరోనా కాలంలో మాత్రం ఎవరి ప్రయాణం ఆగాలి, ఎవరిది సాగాలి అన్నది ఆ పేరును బట్టే తేలింది.

2020 మార్చి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 12వ తేదీన మన రాష్ట్రంలో మొదటి కేసు నెల్లూరులో తేలింది, ఇటలీ నుండి వచ్చిన విద్యార్థికి. గ్రామ వాలంటీర్లు ఇంటింటికీ తిరిగి విదేశాల నుండి వచ్చినవారెవరని వ్రాసుకున్నారు. 22వ తేదీ నుండి మన దేశమే విదేశీ ప్రయాణికుల విమానాలను దిగనివ్వలేదు. సరిగ్గా అప్పుడు అమెరికాలో ఉండిపోయిన పెద్దవాళ్ల అవస్థ చెప్పనలవి కాదు. ఇక్కడ దాళ్వా చేను కోతకు వచ్చింది, కొబ్బరి దింపు చూసేవారు లేరు, ఇంటికి తాళం. అక్కడ తెచ్చుకున్న బి.పి., షుగరు మాత్రలు అయిపోతున్నాయి. వీసా గడువు దగ్గర పడుతోంది. డిస్నీ వరల్డ్ కూడా మార్చి 16 నుండి మూతబడింది. మే నెలలో వందే భారత్ విమానాలు మొదలైన తరువాత గాని వారికి ఇంటి దారి కనబడలేదు. ఈస్టరు ఆరాధన ఆ ఏడాది వారూ మనమూ ఫోనులోనే చూశాము.

అయితే నా మనస్సులో నిలిచిపోయిన తేదీ మరొకటి ఉంది. 2021 ఏప్రిల్ 30. కాలిఫోర్నియా రాష్ట్రంలోని డిస్నీలాండు పదమూడు నెలల తరువాత ఆ రోజున తలుపులు తెరిచింది. మామూలుగా పట్టే జనంలో నాలుగో వంతును మాత్రమే, అదీ ఆ రాష్ట్రంలో నివసించేవారిని మాత్రమే రానిచ్చారు. పక్క రాష్ట్రం నుండి వచ్చిన అమెరికావానికీ ప్రవేశం లేదు. మిక్కీ వేషం వేసిన మనిషి కూడా పిల్లలను దగ్గరకు తీసుకోకుండా దూరం నుండే చెయ్యి ఊపాలి. ఏమైనా ఆట మళ్లీ మొదలైంది.

అదే రోజున అధ్యక్షుడు బైడెన్ ఒక ప్రకటన మీద సంతకం చేశారు. మే 4 నుండి, గడచిన 14 రోజులలో భారతదేశంలో ఉన్నవారు అమెరికాలో అడుగు పెట్టకూడదు. ఆ మరునాటి ఉదయం మన ప్రభుత్వం ప్రకటించిన లెక్కలో ఒక్క రోజు కేసులు నాలుగు లక్షలు దాటాయి. రాష్ట్రంలోకెల్లా ఎక్కువ కేసులు మన తూర్పు గోదావరి జిల్లావే. ఆసుపత్రులలో పడకల కోసం, ఆక్సిజన్ కోసం మనవాళ్లు పడిన పాట్లు నేను మళ్లీ వ్రాయనక్కరలేదు, సమాధుల తోటలకు ఎన్నిసార్లు వెళ్లామో మీకు తెలుసు. ఆ నెలాఖరున ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ రకం క్రిమికి డెల్టా అని పేరు పెట్టింది. అది గ్రీకు అక్షరం పేరు. మన డెల్టాకు దానితో ఏ సంబంధమూ లేదని సంఘంలో ఒకరిద్దరు పెద్దలకు నచ్చజెప్పవలసి వచ్చింది.

ఆ ప్రకటనలో మినహాయింపులు ఉన్నాయి. అమెరికా పౌరులను అది ఆపలేదు. గ్రీన్‌కార్డు ఉన్నవారు, వారి భార్యాభర్తలు వెళ్లవచ్చు. ఇరవై ఒక్క ఏళ్లు నిండని, పెండ్లికాని అమెరికా పౌరునికి తల్లి గాని తండ్రి గాని అయితే వెళ్లవచ్చు. తరువాత విద్యార్థులకూ దారి ఇచ్చారు. జాబితా అంతా చదివినా అమ్మమ్మ, మామ్మ, తాతయ్య అన్న మాటకు చోటు లేదు. పెరిగి పెద్దవాడైన కొడుకుకు తల్లి అన్నా లెక్కలోకి రాదు. ఆమె విహారానికి వచ్చే మనిషి కదా!

మన ప్రభుత్వం కూడా అదే కొలత వాడింది. 2020 అక్టోబరులో విదేశీయులలో చాలా తరగతులవారికి తలుపు తీసినా పర్యాటక వీసాలను పక్కన పెట్టింది. పర్యాటకులు మామూలు విమానాలలో రావడానికి అనుమతి 2021 నవంబరు 15న వచ్చింది. అమెరికా మన మీద ఆంక్ష ఎత్తినది నవంబరు 8న. వారం తేడాలో రెండు దేశాలకూ విహారం గుర్తుకు వచ్చింది.

సరిహద్దు మూయడం అన్యాయమని నేను అనను. అంటు ఉన్నవానిని ఏడు దినములు విడిగా ఉంచి మరల చూడవలెనన్న కట్టడ లేవీయకాండము 13వ అధ్యాయంలోనే ఉంది, ఆ పని యాజకుడే చేయాలి. తన ప్రజలను కాపాడుకోవడం ఏ ప్రభుత్వానికైనా ధర్మమే. ఉత్త సరదా కోసం ఆ రోజులలో దేశాలు దాటి వెళ్లాలనుకున్నవారిని ఆపితే మంచిదే అంటాను. నాకు బాధ కలిగించినది లెక్క వేసిన తీరు. మనుమరాలు పుట్టి ఏడాది నిండినా ఎత్తుకోలేని మామ్మను వినోదయాత్రికురాలని వ్రాసుకొని, ఆ వరుసలో చివర నిలబెట్టారు.

డబ్బున్నవారికి ఒక పక్కదారి దొరికింది. ఆంక్ష 14 రోజుల లెక్క మీద ఉంది గనుక, మెక్సికోలోనో సెర్బియాలోనో పద్నాలుగు రోజులు హోటలులో ఉండి అక్కడ నుండి అమెరికా వెళ్లినవారున్నారు. పాస్టరుగారూ, ఇది తప్పా అని నన్ను అడిగారు. చట్టం ఒప్పుకున్న దారి, అబద్ధం లేదు, కాబట్టి పాపమని చెప్పలేను. రెండెకరాల కౌలు రైతుకు ఆ దారి లేదన్నది కూడా నిజమే. పరీక్ష చేయించకుండానే నెగెటివ్ కాగితం కొనుక్కున్నవారి విషయం వేరు. అటువంటివారు దేశంలో పలుచోట్ల పట్టుబడ్డారు. పక్క సీటులో కూర్చున్న మనిషి ప్రాణంతో చేసిన బేరం అది, దానికి మనుమల మీది ప్రేమ అని పేరు పెట్టవద్దు.

అమెరికా మాటే చెప్పి ఊరుకుంటే మన కోనసీమకూ, నరసాపురం పాలకొల్లు ప్రాంతాలకూ అన్యాయం చేసినట్టవుతుంది. ఇక్కడ వందల గడపలలో కథ తిరగబడి ఉంటుంది. మనుమలు అమ్మమ్మ దగ్గరే ఉంటారు, తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో పరుల ఇంట పనిచేస్తూ ఉంటుంది. ఆమె బిడ్డను చూడాలంటే అటునుండి రావాలి. 2020 ఏప్రిల్‌లో కువైట్ ప్రభుత్వం, కాగితాలు సరిగా లేనివారు జరిమానా కట్టకుండా వెళ్లిపోవచ్చని, విమాన ఖర్చు కూడా తామే భరిస్తామని క్షమాభిక్ష ప్రకటించింది. మన ఆడపిల్లలు ఎందరో పేర్లు వ్రాయించుకొని శిబిరాలలో చేరారు. వెళ్లమన్న దేశం తలుపు తీసింది గాని, అప్పటికి మన దేశపు తలుపు మూసి ఉంది. ఎండ ముదిరిన రోజులలో ఆ శిబిరాలలో వారు వారాల తరబడి కాచుకున్నారు. మే నెల నుండి హైదరాబాదుకు, తరువాత గన్నవరానికి విమానాలు వచ్చాయి. దిగిన తరువాత మళ్లీ క్వారంటైన్, మొదట్లో పద్నాలుగు రోజులు. ఊరి పొలిమేరకు వచ్చాక కూడా ఇరుగుపొరుగు రానివ్వని చోట్లు ఉన్నాయి. వారెవరి వీసా మీదా విహారమన్న మాట లేదు. అయినా అందరికంటె ఎక్కువ కాలం గుమ్మంలో నిలబడినది వారే.

వేదములో ముసలితనాన దేశం దాటి వెళ్లిన తాత ఒకడున్నాడు. యాకోబు ఐగుప్తునకు వెళ్లేసరికి అతని వయస్సు నూట ముప్పది. కరవు వచ్చింది గనుక ధాన్యం కోసం వెళ్లాడని మనం పిల్లలకు చెబుతాము. ధాన్యం తేవడానికి కుమారులు అప్పటికే రెండుసార్లు వెళ్లి వచ్చారు. ముసలాయనను బండి ఎక్కించినది యోసేపు బ్రదికి ఉన్నాడన్న వార్త. అక్కడ తరువాత ఒక దినమున ఎఫ్రాయిము, మనష్షేలను దగ్గరకు తీసుకొని ముద్దు పెట్టుకున్నాడు. కొడుకు ముఖమే చూస్తానని అనుకోని తనకు దేవుడు మనుమలను కూడా చూపించాడని చెప్పుకున్నాడు. ఆ ప్రయాణానికి మన కాలపు అధికారి ఏ తరగతి వ్రాసేవాడో!

2021 నవంబరులో తలుపులు తెరుచుకున్నప్పుడు టీకా ప్రశ్న వచ్చింది. మన పల్లెలలో ఎవరూ టీకాను ఎంచుకోలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆ రోజు ఏది వస్తే అది వేయించుకున్నారు. కోవిషీల్డు వేయించుకున్నవారికి చిక్కు లేకపోయింది. కోవాక్సిన్‌కు మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు నవంబరు 3న, అంటే అమెరికా తెరవడానికి ఐదు రోజుల ముందు వచ్చింది. అంతవరకు ఒకే ఇంట్లో భర్త సర్టిఫికెట్టు చెల్లుతుందని, భార్యది చెల్లదేమోనని దిగులుపడిన ఇళ్లు నాకు తెలుసు.

ఓర్లాండోలోనే హోలీ ల్యాండ్ ఎక్స్‌పీరియన్స్ అని ఇంకొక వనం ఉండేది. యేసు ప్రభువు కాలంనాటి యెరూషలేమును నమూనాగా కట్టి 2001లో తెరిచారు. డిస్నీ సంగతి ఎలా ఉన్నా అది మాత్రం చూసి రావాలని అనుకున్న విశ్వాసులున్నారు. 2020 మార్చిలో మూతబడి మరల తెరుచుకోలేదు. 2021 ఆగస్టులో ఆ స్థలాన్ని ఒక ఆసుపత్రుల సంస్థ 3 కోట్ల 20 లక్షల డాలర్లకు కొన్నది. మనవారికి సరిహద్దు తెరిచేనాటికి అది అమ్ముడైపోయింది. నిజం చెప్పాలంటే, అట్టలతో కట్టిన యెరూషలేము పోయి అక్కడ వైద్యశాల వస్తానంటే నాకు పెద్దగా విచారం కలగలేదు.

తరువాత నిబంధనలు ఒక్కొక్కటే సడలాయి. మన దేశం నుండి మామూలు అంతర్జాతీయ విమానాలు 2022 మార్చి 27న మొదలయ్యాయి. విమానం ఎక్కేముందు పరీక్ష అన్న నియమాన్ని అమెరికా 2022 జూన్‌లో, టీకా నియమాన్ని 2023 మేలో తీసివేసింది. ఇంతలో కాన్సులేటు దగ్గర వరుస పెరిగిపోయింది. మొదటిసారి వీసా అడిగేవారికి 2022లో ఇంటర్వ్యూ తేదీ ఏడాదికి పైగా దూరంలో దొరికేది. మూడేళ్లు ఆగినవారు మరల ఆగారు.

మా సంఘంలో ఒక మామ్మగారు అలా ఆగి 2023లో వెళ్లారు. మిక్కీని చూపిస్తానని మాట ఇచ్చినప్పుడు మనవడికి నాలుగేళ్లు. ఆమె వెళ్లేసరికి ఏడు దాటాయి. వాడిప్పుడు మిక్కీ వైపు చూడడు, తలకిందులుగా తిప్పే బండ్లే ఎక్కుతానంటాడు. ఆమెను పడవ ఎక్కించి నీళ్ల మీద బొమ్మలు చూపించారట. మన కాలవ మీద పంటు దాటినట్టే ఉంది బాబూ, పాటలొకటే ఎక్కువ అని నాతో అన్నారు. మిగతా పగలంతా వాడు తిరిగి వచ్చేదాకా ఆ బండ్ల కింద నీడలో కూర్చొని, వాడి బూట్లూ నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకొని ఉన్నారట.